ఉడికించని ద్రాక్షరసం

మా ఇంట్లో బీరు అన్న మాట వినపడితే చాలు, మా నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవాడు. కోపంతో కాదు, నిజంగానే నా కోసం. మా నాన్న రిచర్డ్ మాస్టారు రెజిమెంటల్ బజార్ దగ్గరున్న మా చర్చిలో సంఘపెద్ద. తాగుడు ఎంత పాపమో చెబుతూ ఆయన చేసిన ప్రసంగాలు విని ఎంతమంది మానేశారో నాకు తెలీదు గానీ, ఆయన కొడుక్కి మాత్రం బీరు పిచ్చి పట్టింది. తాగే పిచ్చి అనుకునేరు. కాదు, కాచే పిచ్చి. బార్లీ మొలకల్ని నానబెట్టి, ఆ తీపి నీళ్ళని చేదు కోసం హాప్స్ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి, మూత పెట్టి, లోపల అది బుడుక్ బుడుక్ మంటుంటే పక్కన కూర్చుని వినడంలో ఉన్న సుఖం రైల్వే ఆఫీసులో ఫైళ్ళు తిప్పే నాబోటివాడికి ఇంకెక్కడ దొరుకుతుంది? ఎక్సైజ్ వాళ్ళకు తెలిస్తే ఏం గతి అని అడక్కండి. ఆ భయం ఉండేది. కాకపోతే ఎక్సైజ్ వాళ్ళకన్నా మా అమ్మంటే ఎక్కువ భయం.

మా అమ్మ డోరాది నా పనికి సరిగ్గా తిరగేసిన పని. చర్చిలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు కావలసిన రసం ఆవిడే చేసేది. ద్రాక్షరసమంటే వైన్ కాదు. పులిసింది ఒక్క చుక్క కూడా బల్ల మీదికి రాకూడదన్నది మా చర్చి పట్టింపు. నల్లద్రాక్షలు పిసికి జాడీలో పోసి, పల్చటి గుడ్డ కట్టి, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేటని పొయ్యి మీద బాగా మరగనిచ్చి, వేడివేడిగా సీసాల్లోకి ఎత్తి మైనంతో మూతి మూసేది. ఈస్ట్ బతక్కూడదని ఆవిడ తంటాలు, బతకాలని నా తంటాలు. ఆ జాడీని ఇంకెవరూ ముట్టుకోకూడదు. దానికి సబ్బు తగలకూడదు, మరిగే నీళ్ళే.

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ ఆవిడొక రాగం తీసేది. కీర్తన కాదు, పాట కాదు, అందులో మాటలే లేవు. మూడు మెట్లు పైకెక్కి, ఒక మెట్టు దిగి, అక్కడే ఆగిపోయే కూనిరాగం. పుట్టినప్పట్నించీ విన్నాను గానీ, అది ఎందుకలా మధ్యలో ఆగిపోతుందని ఎప్పుడూ అడగలేదు.

మొన్న మార్చిలో, ఈస్టరుకి ముందు, ఒక మధ్యాహ్నం ద్రాక్షలు పిసికి, జాడీలో పోసి, గుడ్డ కట్టి, కాస్త నడుం వాలుస్తానని పడుకుంది. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. పెట్టె, పువ్వులు, పాస్టరుగారు, వచ్చినవాళ్ళకు భోజనాలు, అన్నీ నేనే చూసుకున్నాను. ఇవన్నీ అయ్యాక తీరిగ్గా ఏడుద్దామనుకున్నాను. ఆ తీరిక రాలేదు.

నాన్న మాత్రం తిండి మానేశాడు. పళ్ళెం ముందు కూర్చునేవాడు, ప్రార్థన చేసేవాడు, రెండు మెతుకులు వేలితో అటూ ఇటూ జరిపి లేచిపోయేవాడు. మాట కూడా పోయింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, జబ్బేమీ లేదు, తినకపోవడమే జబ్బు, ఇలాగే ఉంటే ఈ వానాకాలం గడవదని నాతో విడిగా చెప్పాడు. అమ్మ పోయిన కొన్ని నెలలకే నాన్న కూడా వెళ్ళిపోతాడన్న భయం మా ఇంట్లో అందరికీ ఉండేది. పైకెవరూ అనేవాళ్ళం కాదు.

జూన్‌లో వానలు పడ్డాక బీరు కాచే చల్లదనం వచ్చింది. పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు వంటింటి వెనక సామాన్ల గది. అమ్మ పోయాక ఆ తలుపు ఎవరూ తియ్యలేదు. ఒక శనివారం పొద్దున నా బకెట్ పెట్టుకోవడానికి తీశాను. మూలన జాడీ అలాగే ఉంది. దాని మూతికి గుడ్డ, ఆ గుడ్డకు అమ్మ వేసిన ముడి.

నా వెనకే వచ్చిన మా ఆవిడ ప్రిసిల్లా ఆ ముడి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, దీని సంగతే మర్చిపోయాం. పారబోసెయ్యండి, ఈపాటికి పురుగులు పట్టుంటాయి."

"నువ్వు పారబొయ్యి."

"నేనా? కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, అత్తయ్య జాడీ మీద నేనెప్పుడైనా చెయ్యి వేశానా?"

నేనూ వెయ్యలేదు. చివరికి బీరు కాచేవాడి కుతూహలం గెలిచి ముడి విప్పాను. ఉడికించకుండా ఎండాకాలమంతా వదిలేసిన ద్రాక్షరసం ఏమవ్వాలి? పైన బూజు కట్టాలి, లేదంటే వెనిగరయిపోయి ముక్కులు బద్దలవ్వాలి. అదేమీ లేదు. జాడీ మెడ కింద నీలం గీత దాకా నల్లగా, తేటగా నిండి ఉంది. లవంగం వాసన, మాగిన జామకాయ వాసన, వాటి వెనకాల సన్నగా ఇంకోటి. అమ్మ రోజూ ఛాతీకి రాసుకునే నీలగిరి తైలం. నేను చూస్తుండగానే నడిమధ్య ఒక బుడగ లేచి పగిలింది.

"బతికే ఉంది," అన్నాను.

ఈస్ట్ గురించే అన్నాను. ప్రిసిల్లా చెయ్యి మాత్రం మెళ్ళో సిలువ మీదికి పోయింది.

బీరు కాచేవాళ్ళందరికీ ఒక ఆశ ఉంటుంది. ప్యాకెట్లో వచ్చే విదేశీ ఈస్ట్ కాకుండా, తన ఊరి గాలిలోంచి, తన ఇంటి గోడల్లోంచి పుట్టిన సొంత ఈస్ట్ ఒకటి దొరకాలని. నాకు సికింద్రాబాద్ ఈస్ట్ దొరికింది. అదీ మా అమ్మ జాడీలో! ఆ రోజంతా కాలు ఒకచోట నిలవలేదు. జాడీలోంచి ఒక గ్లాసుడు తీసి బీరు బకెట్లో కలిపాను. తీసినంత మేరా బార్లీ తీపినీళ్ళు జాడీలో పోసి నీలం గీత దాకా నింపాను. ఈస్ట్ బతకాలంటే తిండి పెడుతుండాలి కదా. గుడ్డ తీసేసి, నడుమ కంత ఉన్న రబ్బరు మూత బిగించి, ఆ కంతలో ఎయిర్‌లాక్ పెట్టాను. లోపలి గాలి బయటికి పోవడానికి, బయటి గాలి లోపలికి రాకుండా ఉండటానికి నీళ్ళు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టమది. కాసేపటికి అందులోంచి బుడుక్ మంది. కొంచెం ఆగి మళ్ళీ బుడుక్ మంది.

ఆ చప్పుడుకి నాన్న తన గదిలోంచి లేచొచ్చాడు. వారాలుగా పిలిస్తే పలకని మనిషి గుమ్మం పట్టుకుని నిలబడి, తల ఒక పక్కకి వాల్చి విన్నాడు.

"ఎవరది?" అన్నాడు.

"ఎవరూ లేరు నాన్నా. అమ్మ జాడీ. గాలి పోతోంది, అంతే."

మడత కుర్చీ ఒకటి తెచ్చి వేసుకుని జాడీ పక్కన కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ప్రిసిల్లా పళ్ళెం అక్కడికే పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చింది. కాసేపటికి చూస్తే పళ్ళెం ఖాళీ. మా ఆవిడ వంటింట్లో కూర్చుని ఆ ఖాళీ పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

తర్వాత రోజూ అదే వరస. రెండు పూటలా పళ్ళెం సామాన్ల గదిలోకి వెళ్ళేది, మెతుకు మిగలకుండా తిరిగొచ్చేది. మాట కూడా వచ్చింది. మాతో కాదు, జాడీతో. అటుగా వెళ్తే వినపడేది.

"వాడే చేస్తాడులే డోరా. ఇప్పుడేం తొందరొచ్చింది?"

దాని జవాబు బుడుక్ అని వచ్చేది. తాగుడు మీద అన్ని ప్రసంగాలు చేసిన మనిషి పులిసిన ద్రాక్షరసం పక్కనే రోజంతా కూర్చుని, ఆ వాసన ఏమిటో గుర్తుపట్టలేకపోయాడు. పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టనివాడికి ఎలా తెలుస్తుంది? నాకు లోలోపల నవ్వొచ్చేది. మాట్లాడుకోనీ, తింటున్నాడు, అదే చాలనుకున్నాను.

ఒకరోజు ప్రిసిల్లా చెవిపోగు ఒకటి కనపడక ఇల్లంతా తిరగేస్తోంది. నాన్న కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

"బియ్యం డబ్బా వెనక పడిందంట, చూడమ్మా."

అక్కడే ఉంది. "పడుతుంటే చూసుంటాడులే," అన్నాను నేను. నాన్నకు శుక్లాలు. ఎదురుగా ఉన్న గడియారమే ఆనదు. ఆ సంగతి నాకూ తెలుసు, ప్రిసిల్లాకూ తెలుసు. ఇద్దరం వేరే మాట ఎత్తుకున్నాం.

జూలైలో బీరు తయారయింది. హరికిషన్‌ని పిలిచాను. అతను గచ్చిబౌలి వైపు ఒక బ్రూవరీలో బీరు కాస్తాడు. నాకు ఈ విద్యలో సగం నేర్పింది అతనే. మా ఇంటికి రావడం అదే మొదలు. అమ్మని ఎన్నడూ చూడలేదు. బయట వాన కురుస్తోంది, నాన్న నిద్రపోతున్నాడు. సీసా మూత తియ్యగానే ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏం ఈస్ట్ అన్నా ఇది? యాడ దొర్కింది? జబర్దస్త్ ఉన్నది."

"ఇంటిదే."

ఒక్కో గుక్కా నోట్లో తిప్పుకుంటూ గ్లాసు పూర్తి చేశాడు. లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి కింద గ్లాసు కడుక్కుంటూ కూనిరాగం తీశాడు. మూడు మెట్లు పైకి, ఒక మెట్టు కిందికి, అక్కడ ఆగిపోయాడు.

నా చేతిలో గ్లాసు అక్కడే టీపాయ్ మీద పెట్టేశాను.

"ఏమిటది?"

"ఏందేంది?"

"ఇప్పుడు పాడావు కదా, అది."

"నేనా? నాకు పాటలెక్కడొస్తయన్నా." కుళాయి కట్టేసి కాసేపు ఆలోచించాడు. "ఏమో, నోట్లకు అట్లనే వచ్చింది. మా అమ్మ పాడేదేమో చిన్నప్పుడు." మళ్ళీ ఆలోచించాడు. "లే. మా అమ్మ పాడేది కాదు."

రెండో గ్లాసు పోస్తే వద్దన్నాడు. గొడుగు తీసుకుంటూ గుమ్మంలో ఆగి, మొహమాటంగా నవ్వాడు.

"బీరు మంచిగున్నదన్నా, దాంట్ల షక్ లేదు. కానీ తాగుతుంటే, ఎవరో పరాయోళ్ళ ఇంట్ల చెప్పకుండ జొర్రినట్టున్నది."

మిగతా సీసాలు మంచం కిందికి తోసేశాను. అమ్మ గురించి ఎప్పుడైనా మాటల్లో అతని దగ్గర ఆ రాగం తీసి ఉంటానని నాకు నేను చెప్పుకున్నాను. నేను బాత్‌రూములో కూడా పాడను.

ఆగస్టులో పక్కింటి బాలమ్మ గోడ మీంచి పిలిచింది. ఆమె ఎండాకాలంలోనే ఆ ఇంట్లో అద్దెకు దిగింది. అప్పటికే అమ్మ పోయింది.

"సారూ, మీ ఇంటికి చుట్టాలొచ్చిన్రా?"

"లేదమ్మా, ఎందుకు?"

"పొద్దున మీరు ఆఫీసుకు పోతరు, మేడమ్ స్కూల్‌కు పోతది, పాప కాలేజీకి పోతది. మరి పగటీలి ఆడమనిషి రాగం తీస్తది గదా మీ వంటింటి ఎనక. మంచిగనే తీస్తది గని, సగంల ఆపుతది. మిగిలింది ఎప్పుడు పాడ్తదో అని నా పాణమంత పరేషాన్ అయితది."

"రేడియో అయ్యుంటుంది," అన్నాను.

మా ఇంట్లో రేడియో లేదు. గొంతు నాన్నదే అయ్యుంటుంది, ముసలాళ్ళ గొంతులు సన్నబడతాయి కదా, అని ఆఫీసుకు నడుస్తూ దారంతా వాదించుకున్నాను. పట్టపగలు, ఎండలో, ఆటోలు హారన్లు కొడుతుంటే కూడా నా వాదన నాకే నమ్మకంగా లేదు.

సెప్టెంబరులో అసలు విషయం ముందు కనిపెట్టింది మా అమ్మాయి షెకీనా. టీవీ చూస్తూ ఉన్నట్టుండి అంది.

"డాడీ, తాత వాచీ చూశావా? మోచేతి దాకా జారిపోతోంది."

"పెద్ద వయసమ్మా. ఎంత తిన్నా ఒంటికి పట్టదు."

"అంత తింటున్నాడు కదా. ఎక్కడికి పోతోంది మరి?"

విసుక్కుని చదువుకోమన్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే నన్ను ఇంకో లెక్క కూడా వేధిస్తోంది. హైడ్రోమీటరని గాజు పుల్ల ఒకటుంటుంది. ద్రవంలో తీపి ఎక్కువుంటే పైకి తేలుతుంది, తక్కువుంటే మునుగుతుంది. ఈస్ట్ తీపిని తినేస్తుంది గనక ఆ పుల్ల రోజురోజుకీ మునగాలి. జాడీలో అది తేలుతోంది. పుల్ల పాడయిందేమోనని మంచినీళ్ళలో వేసి చూశాను, బాగానే ఉంది. అంటే నేను కాక ఇంకెవరో జాడీకి తిండి పెడుతున్నారన్నమాట.

మర్నాడు ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికొచ్చాను. చెప్పులు బయటే విప్పి, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళాను. సామాన్ల గది తలుపు ఓరగా ఉంది.

జాడీ మూత తీసి ఉంది. నాన్న పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, పప్పన్నం మెత్తగా కలిపి, చెంచాలోకి తీసుకుని, ఉఫ్ ఉఫ్ మని ఊదుతున్నాడు. చల్లారిందో లేదో పెదవికి తగిలించి చూశాడు. తర్వాత చెంచా జాడీలోకి వంచాడు.

"పప్పు ఉప్పగా ఉందా?" అని అడిగాడు.

జాడీలో బుడగ పగిలింది.

"కోడలు పాపం స్కూలుకెళ్ళే తొందరలో చేస్తుంది డోరా. ఏమీ అనకు."

పళ్ళెం ఖాళీ అయ్యేదాకా పెట్టాడు. అడుగున మిగిలిన మెతుకులు కూడా వేలితో తుడిచి జాడీ అంచుకి రాశాడు. తను ఒక్క ముద్ద తినలేదు. వంగినప్పుడు చొక్కా లోపల మెడ కింది ఎముకలు రెండు పుల్లల్లా కనపడ్డాయి. వానాకాలమంతా మేం సంతోషించిన ఖాళీ పళ్ళేలు ఇవి. పొద్దున మా ముందు తాగే గ్లాసుడు పాల మీదే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడన్నమాట. మా కళ్ళ ముందే, మా ఇంట్లోనే, నాన్న ఎండిపోతున్నాడు.

ఆయన పడుకున్నాక జాడీ దగ్గరికెళ్ళి లోపల గరిటె పెట్టి అడుగుదాకా కలిపాను. ఈస్ట్ చక్కెరని తింటుంది, అన్నం మెతుకుని తినలేదు. ఇన్ని నెలలు, రెండు పూటలా, ఒక మనిషి తిండి. జాడీ పొంగి గదంతా కుళ్ళి కంపు కొట్టాలి. గరిటెకి ఒక్క మెతుకు తగల్లేదు. పప్పు లేదు, కరివేపాకు ఆకు లేదు. రసం నీలం గీతకి ఇటూ లేదు, అటూ లేదు. నీలగిరి తైలం వాసన మాత్రం మనిషి పక్కన నిలబడ్డంత దగ్గరగా వచ్చింది. నాకు తెలిసిన చదువంతా అక్కడితో అయిపోయింది. గరిటె అక్కడే పడేసి బయటికొచ్చాను.

ప్రిసిల్లాకి చెబితే ఆమె అరవలేదు, ఏడవలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఉడికించెయ్యండి," అంది.

"నాన్న తట్టుకోలేడు. ఆ మాటలు కూడా లేకపోతే మంచం పడతాడు."

"ఇలాగే ఉంటే మాత్రం దక్కుతాడా? నిన్న నాతో ఏమన్నాడో తెలుసా? కోతపండక్కి మీ అత్తయ్య దగ్గరికి వెళ్ళాలమ్మా, నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించు, అన్నాడు. నాకు మామయ్య కావాలండీ."

కోతపండగ వచ్చే ఆదివారమే. చర్చికి కూరగాయలూ, ధాన్యం, పళ్ళూ తీసుకెళ్ళి కృతజ్ఞతగా ఇచ్చే పండగ. ఏటా ఆ రోజు బల్ల కూడా ఉంటుంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ దానికి ముందు శనివారం మా ఇల్లంతా ద్రాక్షరసం మరిగే వాసనే.

సరేనన్నాను. ఆ సాయంత్రం ప్రిసిల్లా చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్ళింది. షెకీనా ట్యూషన్‌లో ఉంది, నాన్న పడుకున్నాడు. నేను పాత మందు సీసా ఒకటి మరిగించి ఆరబెట్టి, జాడీలోంచి ఒక్క గుక్కెడు అందులో పోసి, మూత బిగించి, ఫ్రిజ్‌లో కారప్పొడి డబ్బా వెనక పెట్టాను. చల్లదనంలో ఈస్ట్ చావదు, నిద్రపోతుంది. ఎప్పుడు తీపినీళ్ళు పోస్తే అప్పుడు లేస్తుంది. మంచి ఈస్ట్ దొరికితే దాచిపెట్టని బ్రూవర్ ఉండడు, ఇందులో వింతేముంది, అని నాలో నేను గొణుక్కున్నాను. ఆ సీసా సంగతి ఎవరితోనూ అనలేదు.

శనివారం పొద్దున ఎండ బాగా కాసింది. అమ్మ వాడే పెద్ద గిన్నె తీసి పొయ్యి మీద పెట్టాను. జాడీ ఎత్తుకొచ్చి, నెమ్మదిగా గిన్నెలోకి వంచాను. మంచం కింద మిగిలిన బీరు సీసాలు కూడా అందులోనే ఖాళీ చేశాను. ప్రిసిల్లా మంట వెలిగించింది. నాన్న లేవకముందే అయిపోవాలని మా తాపత్రయం.

వేడెక్కుతున్నకొద్దీ గిన్నె నిండా బుడగలు లేచాయి. చచ్చేముందు ఈస్ట్ అలాగే ఎగిరెగిరి పడుతుంది, అది మామూలే. మామూలు కానిది వాసన. లవంగం పోయింది, జామకాయ పోయింది. నీలగిరి తైలం, ఇస్త్రీ చేసిన నేత చీర, కొబ్బరినూనె రాసి దువ్విన జుట్టు. ప్రిసిల్లా గోడకానుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గరిటె పట్టుకుని తిప్పుతూనే ఉన్నాను.

వెనక అడుగుల చప్పుడైంది. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మీద పడతాడనుకున్నాను, ఆపమంటాడనుకున్నాను.

"పొయ్యి మీద పెట్టావా?" అన్నాడు.

"పెట్టాను నాన్నా."

"హమ్మయ్య." స్టూలు లాక్కుని పొయ్యి ఎదురుగా కూర్చున్నాడు. "మూడు నెలల్నించి ఒకటే గోల మీ అమ్మ. పొయ్యి మీద పెట్టారా, పొయ్యి మీద పెట్టారా అని. ఆ రోజు పడుకునేముందు కూడా నాతో అదే అంది. లేచాక ఉడికిద్దామండీ, అని. లేవలేదు. పని సగంలో ఆగిపోయింది. ఆవిడ సంగతి తెలుసుగా నీకు, పని మధ్యలో వదిలేసి ఎక్కడికీ పోదు."

"మరి నువ్వు ముందే చెప్పొచ్చు కదా నాన్నా?"

ఆయన గిన్నె వైపే చూస్తున్నాడు.

"ఉడికిస్తే వెళ్ళిపోతుంది కదరా. అందుకని ఆపాను. తిండి పెట్టి ఆపాను. కోతపండగ దాకా ఆగితే నేనూ తనతో వచ్చేస్తానన్నాను." కళ్ళు తుడుచుకున్నాడు. "ఒప్పుకోలేదు. రాత్రంతా నన్ను తిట్టింది."

ప్రిసిల్లా వచ్చి ఆయన భుజం పట్టుకుంది. గిన్నె మరిగింది. బుడగలన్నీ పెద్దవై, గట్టివై, ఉత్త నీళ్ళ బుడగలయ్యాయి. అయిపోయిందనుకుని మంట తగ్గించడానికి చెయ్యి చాపాను.

"ఆగు," అన్నాడు నాన్న. "ఇంకా కొంచెం ఉందంట."

"అంతా పోసేశాను నాన్నా. జాడీ చూడు, ఖాళీ."

"జాడీలో కాదు. ఫ్రిజ్‌లో."

ప్రిసిల్లా నా వైపు చూసింది. ఎవరు చెప్పారని అడగడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. అడిగితే జవాబు చెబుతాడని భయం.

"అక్కడేం లేదు," అన్నాను.

"కారప్పొడి డబ్బా వెనక," అన్నాడు నాన్న మెల్లిగా. కోప్పడుతున్నట్టు కాదు, చిన్నప్పుడు పరీక్షలో సున్నా తెచ్చుకున్న రోజు పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టు. "నేనే ఆపాననుకున్నాను. నువ్వు కూడానా నాయనా?"

వెళ్ళి తీసుకొచ్చాను. అరచేతిలో చల్లగా ఉంది సీసా. అడుగున సన్నటి తెల్లటి పొర, నిద్రపోతున్న ఈస్ట్. దాన్ని గిన్నె మీదికి తీసుకెళ్ళానేగానీ వంచడానికి చెయ్యి రాలేదు. అప్పుడు తెలిసింది, నేను దాచుకున్నది ఈస్ట్ కాదని. నాకు మా అమ్మ కావాలి. అంతే. సమాధుల తోటలో రాని ఏడుపు అక్కడ పొయ్యి ముందు వచ్చింది. పెళ్ళాం ముందు, తండ్రి ముందు, ముక్కు కారుతుంటే చిన్నపిల్లాడిలా ఏడుస్తూ సీసా వంచాను.

గరిటె తిప్పాను. ఎంతసేపు తిప్పానో తెలీదు. రాగం వినపడుతోంది. మూడు మెట్లు పైకి, ఒక మెట్టు కిందికి. ఎవరు తీస్తున్నారా అని చూస్తే నా నోరే. ఆగిపోవలసిన చోట ఆగలేదది. ఇంకో మెట్టు దిగింది, ఇంకో మెట్టు దిగింది, మొదలైన చోటికి వచ్చి కూర్చుంది. నేనెన్నడూ వినని ఆ చివరి ముక్క నాకెలా వచ్చిందో ఈరోజుకీ తెలీదు. మళ్ళీ తియ్యమంటే తియ్యలేను.

గోడ అవతల బాలమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. "అబ్బ, అయిపాయె," అనుకోవడం వినపడింది.

మంట ఆపాను. గిన్నెలో వాసన లేదు. వంగి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చి చూశాను. కాగిన ద్రాక్షరసం వాసన, అంతకుమించి ఏమీ లేదు. ఎయిర్‌లాక్ సింకు పక్కన బోర్లా పడి ఉంది. ఇల్లంతా ఎంత ఖాళీగా ఉందంటే, ఇన్నాళ్ళూ ఖాళీగా లేదని అప్పుడర్థమైంది.

నాన్న చాలాసేపు ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. ఇక ఈయన కూడా లేవడనుకుని మేమిద్దరం చూస్తున్నాం. మోచేతి దాకా జారిన వాచీని మణికట్టు మీదికి లాక్కుని, మా వంక తిరిగాడు.

"అన్నం ఉందా అమ్మా?" అన్నాడు. "ఆకలేస్తోంది."

ప్రిసిల్లా వడ్డించింది. బల్ల దగ్గర, మా మధ్య కూర్చుని, పప్పన్నం కలిపి, ఊదకుండా మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, మింగాడు. మేం ఆయన గొంతు వైపే చూస్తున్నాం.

"ఉప్పెక్కువయింది," అన్నాడు. ఈసారి ఆ మాట మాతోనే అన్నాడు.